ఎండ వచ్చే నెలలు, పూసే నెలలు: ఇంటి పూలమొక్కల ఎంపికలో నా అనుభవం

బంతి, జీనియా లాంటివి నాలుగు నెలల పూలు. చోటు కుదరకపోతే పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. మల్లె, మందారం, నందివర్ధనం, కనకాంబరం అలా కాదు. నేలలో దిగాయంటే ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. మూడో ఏట చోటు తప్పని తెలిస్తే, వేరు తెగకుండా తీసి మార్చడం దాదాపు అయ్యే పని కాదు. అందుకే ఈ బహువార్షిక మొక్కల విషయంలో కొనడానికి ముందే ఆరు నెలలు చోటుని చూడటానికి పెట్టాను. ఆ ఆరు నెలలు నేర్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు హైదరాబాద్ శివార్లలో, తూర్పు ముఖం, 200 గజాల స్థలం. పూలకి మిగిలిన నేల మూడు ముక్కలు. తూర్పున గేటు పక్క 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. దక్షిణాన ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య 3 అడుగుల సందు, దాని అవతల పక్కవాళ్ల రెండంతస్తుల ఇల్లు. ఉత్తరాన అలాంటిదే ఇంకో సందు. ఇలాంటి స్థలాలు మన ఊళ్లలో లక్షల్లో ఉంటాయి కాబట్టి కొలతలతో సహా చెప్తున్నాను.

మొదట ఎండ. "ఇక్కడ ఎండ బాగా పడుతుంది" అన్న మాట ఏ నెలలో అన్నదో తెలియకపోతే అది ఎందుకూ పనికిరాదు. డిసెంబరు మూడో వారంలో ఒకరోజు పొద్దున 8కి, 10కి, మధ్యాహ్నం 12కి, 2కి, నీడ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీసి ఫోటో తీశాను. ఏప్రిల్ చివర్లో మళ్లీ అదే పని. జూన్ మొదట్లో ఇంకోసారి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఇంట్లో మూడు వేరు వేరు ఊళ్లు ఉన్నట్టు కనబడింది. తూర్పు ముక్కకి డిసెంబరులో నాలుగున్నర గంటలు, ఏప్రిల్లో దాదాపు ఆరు. దక్షిణ సందుకి, మొదట్లో ఒక మూల తప్ప, డిసెంబరులో నేరుగా ఎండే లేదు, వెలుతురు మాత్రం ఉంది. ఉత్తర సందుకి డిసెంబరులో చుక్క ఎండ లేదు గానీ, జూన్లో నడినెత్తిన మూడు గంటలకి పైగా పడింది.

దీనికి కారణం సూర్యుడి దారి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఉత్తరపు సందులోకి ఎండ దిగుతుంది. డిసెంబరు 21న మధ్యాహ్నం మాత్రం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అప్పుడు 10 అడుగుల గోడ నీడ ఉత్తరానికి ఎనిమిదిన్నర అడుగులు పాకుతుంది. డిసెంబరు దాకా ఆగలేనివాళ్లు దక్షిణాన అడ్డున్న గోడ ఎత్తుని 0.86తో గుణిస్తే ఆ నీడ పొడవు తెలుస్తుంది. విజయవాడ, విశాఖల్లోనూ దాదాపు ఇంతే. తిరుపతిలో గోడ ఎత్తులో ముప్పావు వంతు.

ఈ లెక్క నాకు ఇచ్చిన అసలు సూత్రం ఒక్కటే: మొక్క పనిచేసే నెలలూ, ఆ చోటుకి ఎండ వచ్చే నెలలూ ఒకటి కావాలి. మల్లె డిసెంబరులో నిద్రపోతుంది. ఆ నెల దానికి ఎండ లేకపోయినా నష్టం లేదు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉంటే చాలు. డిసెంబరాలు, చామంతి చలికాలంలో పూసేవి. వాటికి మే నెల ఎండ ఎంత చూపించినా లాభం లేదు. మందారం, కనకాంబరం ఏడాదంతా పూయాలని మనం కోరుకుంటాం కాబట్టి వాటికి చలికాలపు వెలుగే కొలబద్ద. "నీడలో కూడా పూస్తుందండీ" అని నర్సరీలో ఎవరైనా అంటే, ఏ నెల నీడ అని అడగాలి.

రెండోది నేల. కొత్త కాలనీల్లో ఇంటి చుట్టూ ఉన్నది నేల కాదు, ఇల్లు కట్టగా మిగిలిన చెత్త. పైన ఆరంగుళాలు ఎర్రమట్టి పరిచి ఉంటుంది. గునపం దించితే ఇటుక ముక్కలు, ప్లాస్టరింగు పెళ్లలు, గట్టిపడిన సిమెంటు గోనె. గుప్పెడు మట్టి తీసి నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ వచ్చింది. అంటే సున్నం ఎక్కువ. సున్నం ఎక్కువైన చోట ఇనుము మట్టిలో ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. లేత ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఈ బాధ ముందు పట్టేది నూరువరహాలకి, తర్వాత మల్లెకి, కనకాంబరానికి. ప్రహరీ పక్కనే నాటిన నూరువరహాలు ఎన్ని ఎరువులేసినా పాలిపోయి ఉండటానికి కారణం చాలా ఇళ్లలో ఇదే. నూరువరహాలు నాకు చాలా ఇష్టం, అయినా జాబితాలోంచి కొట్టేశాను.

తూర్పు ముక్కలో ఒకటిన్నర అడుగుల లోతు దాకా చెత్త ఎత్తించి, రెండు వంతులు చెల్కమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు నింపించాను. నింపే ముందు నీరు ఇంకే తీరు చూడటం తప్పనిసరి. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడాలి. రెండోసారి పోసిన నీళ్లు నాలుగైదు గంటల్లో ఇంకితే మంచిది. మర్నాటికీ నిలిచి ఉంటే అడుగున రోలరు తొక్కిన పొర ఉన్నట్టు. దాన్ని గునపంతో పగలగొట్టకుండా పైన ఎంత మంచి మట్టి పోసినా వానాకాలంలో అది తొట్టే అవుతుంది, కనకాంబరం వేరు కుళ్లుతుంది. నల్లరేగడి ఉన్నవాళ్లు నేలలో గుంత తీసేకన్నా అడుగు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటడం మేలు.

మూడోది మే నెల నీళ్లు. ముందు నేను రాసుకున్న జాబితా ఇంకా పెద్దది. దాని పక్కన మే నెలలో ఏ పాదుకి ఎన్ని నీళ్లో రాయడం మొదలుపెట్టాక సగం పేర్లు వాటంతట అవే పోయాయి. చివరికి నిలిచినవాటి లెక్క ఇది: మూడు మల్లెలకి వారానికి రెండుసార్లు ఒక్కో 15 లీటర్ల బకెట్టు, అంటే 90 లీటర్లు. సన్నజాజికి 30. మందారానికి వారానికి మూడు బకెట్లు, 45. నందివర్ధనానికి ఒక బకెట్టు, 15. మూడు డిసెంబరాలకి కలిపి 15. కనకాంబరం వరసకి రోజు విడిచి రోజు 20 లీటర్లు, వారానికి 70. మొత్తం వారానికి 265 లీటర్లు. మా బోరు మే నెలలో కూడా ఇది ఇవ్వగలదు, ఇంతకు మించి ఇవ్వలేదు. తాగునీటి ఫిల్టరు వదిలేసే నీళ్లు పొదుపు కదా అని రోజూ మొక్కలకి పోస్తుంటారు. అందులో ఉప్పు బోరు నీటికన్నా ఎక్కువ. పాదు అంచుల్లో తెల్లటి పెచ్చు కడుతుంటే, ముదురాకుల కొసలు మాడుతుంటే ఆ నీళ్లు ఆపెయ్యాలి. ఏసీ నీళ్లలో ఉప్పు ఉండదు, నిశ్చింతగా పోయొచ్చు.

పక్కన పెట్టినవాటి గురించి కూడా చెప్పాలి. సంపెంగ, పొగడ చెట్లు, నాలుగు అడుగుల ముక్కలో వాటికి న్యాయం చేయలేం. రాధామనోహరం వాసన ఇంటినిండా నిండుతుంది గానీ మూడేళ్లలో డాబా ఎక్కి పక్కవాళ్ల నీళ్ల ట్యాంకు దాకా పోతుంది, మొదట్లోంచి పిలకలు పెడుతూనే ఉంటుంది. గన్నేరు నీళ్లు అడగదు, హైవేల మధ్యలో పెంచేది అందుకే. కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, ఆవులు వచ్చి ఆగే గేటు దగ్గర నేను పెట్టను, ఇంకొకరికి పెట్టమనీ చెప్పను. గులాబీల్లో హైబ్రిడ్ అంటుమొక్కలు వద్దనుకున్నాను. అంటు కట్టిన ముడి కింద నుంచి వచ్చే చిగురు అడవి వేరుది, అది బలంగా పెరిగి పైదాన్ని చంపేస్తుంది. ఏడాకులుంటే అడవిది, అయిదాకులుంటే మంచిది అనే లెక్క నమ్మదగింది కాదు. చిగురు ముడి కిందనుంచి వచ్చిందా పైనుంచా అన్నదే చూడాలి, కిందిదైతే పుట్టినచోటే చీల్చి తీసెయ్యాలి.

ఏ చోట ఏది పెట్టానో చెప్తాను. తూర్పు ముక్కలో గేటు స్తంభం పక్కన సన్నజాజి, దాని తర్వాత మందారం, ఆపైన నాలుగేసి అడుగుల దూరంలో మూడు దొంతర మల్లెలు, అన్నీ ప్రహరీ గోడకి రెండు అడుగులు ఎడంగా. ముందు వరసలో అడుగుకొకటి చొప్పున 12 కనకాంబరాలు. దక్షిణ సందు మొదట్లో, పొద్దుటెండ కాస్త తగిలే మూలన నందివర్ధనం, దాని వెనక మూడు డిసెంబరాలు. ఆ సందులో మిగతా భాగంలో పువ్వు పెట్టలేదు. ఎండ లేని చోట బలవంతంగా పెట్టిన పూలమొక్క సన్నగా సాగి, ఆకుకే పరిమితమవుతుంది.

ఉత్తర సందు గురించే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. అక్కడ ఎండ వచ్చేది మే నుంచి ఆగస్టు దాకా, తర్వాత చీకటి. ఆ నెలల్లోనే మేలుకుని చలికాలం నిద్రపోయే మొక్క కావాలి. అవి దుంప మొక్కలు. వాన లిల్లీ తొలకరి పడ్డాక వారంలోపే గులాబీ రంగు పూలు తీస్తుంది, వానాకాలమంతా విడతలు విడతలుగా పూస్తుంది. బంతిలా గుండ్రంగా ఎర్రటి పువ్వు వచ్చే మే ఫ్లవర్, దీన్నే ఫుట్‌బాల్ లిల్లీ అంటారు, ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఆకుకన్నా ముందు పువ్వుతోనే నేలని చీల్చుకుని వస్తుంది. చలికాలంలో ఆకు ఎండిపోగానే నీళ్లు ఆపెయ్యాలి. చచ్చిపోయిందనుకుని నీళ్లు పోస్తూ ఉంటే దుంప కుళ్లుతుంది. దుంపకి దుంపకి ఆరంగుళాలు, మెడ నేలకి సమంగా ఉండేలా నాటితే చాలు.

చామంతిని నేలలో కాకుండా కుండీల్లో పెట్టాను, దానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. రాత్రి పొడవు పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. మా గేటు ఎదురుగా వీధి దీపం ఉంది. ఆ వెలుగు తగిలే చోట చామంతి ఆకు మీద ఆకు వేస్తూ కూర్చుంటుంది, మొగ్గ ఆలస్యమవుతుంది లేదా రాదు. కుండీ అయితే సెప్టెంబరులో చీకటి మూలకి మార్చొచ్చు. పూలు అయిపోయాక మొదలంటా కోసి, ఫిబ్రవరిలో వచ్చే పిలకలు విడదీసి నాటుకుంటే ప్రతి ఏడూ కొనక్కర్లేదు. ఆగస్టు దాకా చిగుళ్లు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది.

నర్సరీకి వెళ్లింది మృగశిర కార్తెలో. ఆరుద్ర లోపు నాటడం పూర్తయింది. నిండా పూలతో ఉన్న మొక్క చూడగానే చెయ్యి దానిమీదికే పోతుంది. దాని పక్కనే ఉన్న, పువ్వు లేని, మొదలు పెన్సిలు లావున్న, కింది నుంచే మూడు నాలుగు కొమ్మలున్న మొక్క ఎప్పుడూ మంచిది. కవరు అడుగున చిల్లుల్లోంచి వేరు బయటికి వచ్చి నేలలో దిగి ఉంటే ఆ మొక్క అక్కడ చాలా కాలంగా ఉన్నట్టు. పైకి లాగినప్పుడు ఆ వేరు తెగుతుంది, ఇంటికొచ్చాక వారంలో వాలిపోతుంది. ఆకు తిప్పి అడుగు భాగం చూడాలి, కొమ్మ గణుపుల దగ్గర దూదిలాంటి తెల్లటి పిండి ఉంటే అది పిండినల్లి. అలాంటి ఒక్క మొక్క ఇంటికి వస్తే మందారం మొత్తానికి పాకుతుంది.

కవరులో వేరు చుట్టూ ఉండే మట్టిగడ్డ సంగతి దగ్గరగా చూడాలి, ఎందుకంటే కొన్న మొక్కలు మొదటి నెలలో చచ్చేది ఎక్కువగా ఇక్కడే. నర్సరీలకి పేరున్న గోదావరి ప్రాంతపు కడియం వైపు నుంచి వచ్చే కవరు మొక్కల్లో తరచుగా బంకమట్టి గడ్డ ఉంటుంది. ఇంకొన్నిటిలో వట్టి కొబ్బరిపొట్టు. మన చెల్కమట్టిలో పెట్టాక బంకమట్టి ఆరి కుంచించుకుని చుట్టూ వెంట్రుకంత సందు విడుస్తుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, లోపల గడ్డ రాయిలా ఎండి ఉంటుంది. కొబ్బరిపొట్టు ఒకసారి పూర్తిగా ఆరితే మళ్లీ సులువుగా తడి పట్టదు. రెండు సందర్భాల్లోనూ పాదు తడిగానే కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. దీనికి మందు ఇది: కవరు కోసే ముందు మొక్కని బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచాలి. కవరు కోశాక గడ్డ అంచుల్ని వేళ్లతో కొద్దిగా విడదీసి, చుట్టుకుపోయిన వేర్లు ఉంటే నాలుగు చోట్ల కత్తితో నిలువుగా గీయాలి. మొదటి నెలంతా నీళ్లు పాదు అంచున కాకుండా మొదలు దగ్గర, నెమ్మదిగా పోయాలి. వేరు బయటి మట్టిలోకి వెళ్లాకే పాదుని పెద్దది చేయాలి.

మల్లెకి గుంత ఒకటిన్నర అడుగుల ఘనం, మట్టితో పాటు పావుకిలో వేపపిండి. కనకాంబరానికి వేపపిండి ఇంకా ముఖ్యం. దానికి నులిపురుగుల బెడద ఎక్కువ. మొక్క ఎదగకుండా, ఆకు చిన్నదై పాలిపోతే ఒకటి పీకి వేరు చూడాలి. పూసల్లాంటి బుడిపెలు ఉంటే నులిపురుగే. వంగ, టమాటా, బెండ పెంచిన మడిలో కనకాంబరం నాటకూడదు, ఆ పురుగు వాటి వేర్లలో పెరిగి నేలలో ఉండిపోతుంది. ముదురు రంగు ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు, కొమ్మ నాటితేనే వస్తుంది. నాటు కనకాంబరం కాయ తడి తగిలితే టప్పున పగిలి గింజలు విసురుతుంది, కిందే మొలకలు వస్తాయి. 12 మొక్కల్లో నాలుగు నాటువి పెట్టింది అందుకే, ఎప్పుడైనా ఒకటి పోతే పక్కనే దాని స్థానానికి మొలక సిద్ధంగా ఉంటుంది.

మల్లె పూసేది కొత్త చిగురుకే, అందుకే కత్తిరించకపోతే ఏటేటా పూలు తగ్గుతాయి. నవంబరు మొదట్లో నీళ్లు తగ్గించి, చివరి వారంలో పూర్తిగా ఆపి, ఆకు దూసి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో కొమ్మలన్నీ కత్తిరిస్తాను. మొదటిసారి చేసేవాళ్లకి చెయ్యి రాదు, అంత మొండిగా కనిపిస్తుంది. జనవరిలో పాదు తవ్వి, చెట్టుకి 10 కిలోల పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టాలి. రసాయనిక ఎరువు వాడేవాళ్లకి తోటల లెక్క ఏడాదికి ఒక్కో చెట్టుకి 60 గ్రాముల నత్రజని, 120 భాస్వరం, 120 పొటాష్. అంటే యూరియా 130 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 750, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 200, జనవరిలో సగం, జులైలో సగం. ఏడాది మొక్కకి ఇందులో సగం చాలు. యూరియా ఒక్కటే వేస్తే ఆకు దట్టమై పూలు తగ్గుతాయి.

లేతాకు పసుపుపచ్చగా మారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకు తడిసేలా కొట్టాలి, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు. నిమ్మ ఉప్పు వేయకపోతే మా బోరు నీటిలో అన్నభేది తుప్పు రంగులోకి తిరిగి అడుగున పేరుకుంటుంది, మొక్కకి అందదు. మల్లె మొగ్గకి చిల్లు పడి, రెండు మూడు మొగ్గలు సన్నటి గూడుతో అతుక్కుని ఉంటే లోపల పురుగు ఉన్నట్టు. చిల్లు లేకుండా మొగ్గ ఊదారంగుకి తిరిగి విచ్చుకోకుండా ఎండితే దోమలాంటి సన్నటి ఈగ పని. దాని పిల్లలు నేలలోకి దిగి ప్యూపా అవుతాయి కాబట్టి రంగు తిరిగిన మొగ్గలు కోసి కాల్చెయ్యాలి, పాదు పైమట్టి తరచూ కదిలించాలి. రోజూ తలలో పెట్టుకునే పూలకి పురుగుమందు కొట్టడానికి నేను ఒప్పుకోను, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు, అంతవరకే.

నందివర్ధనం కింద నేల మీద మిరియాల్లాంటి నల్లటి ఉండలు కనబడితే తల పైకెత్తి వెతకాలి. వేలంత లావు ఆకుపచ్చ పురుగు, తల వెనక రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో, కొమ్మకి అంటుకుని ఆకులోనే కలిసిపోయి ఉంటుంది. రెండు మూడు రాత్రుల్లో ఒక కొమ్మ ఆకంతా తినేస్తుంది. ఇదే గన్నేరు మీద కూడా బతుకుతుంది. మందు అక్కర్లేదు, ఏరి తీసేస్తే సరి. మొక్క మూడు వారాల్లో మళ్లీ చిగురేస్తుంది. ఆ పురుగు పెద్దయితే ఆకుపచ్చ పాలరాతి చారలతో చాలా అందమైన రెక్కల పురుగవుతుంది, అందుకని నేను ఒకటి రెండిటిని వదిలేస్తాను.

మందారం మొగ్గలు విచ్చకుండా రాలడానికి నీళ్లలో ఎగుడుదిగుడులు ఒక కారణం. నాలుగు రోజులు మర్చిపోయి అయిదో రోజు రెండు బకెట్లు పోయడం దానికి పడదు. పిండినల్లి వచ్చిన చిగురు కోసి సబ్బునీళ్లలో వేసి, చీమల దారి ఎక్కడుందో చూడాలి. చీమలు ఆ తీపి కోసం పిండినల్లిని కాపలా కాస్తాయి, వాటిని ఆపకుండా నల్లిని ఆపలేం.

పూల లెక్క ఇప్పుడు ఇలా నడుస్తోంది. మార్చి నుంచి జూన్ దాకా మల్లె, వానలతో సన్నజాజి, ఉత్తర సందులో లిల్లీలు, నవంబరు నుంచి జనవరి దాకా డిసెంబరాలు, చామంతి. ఖాళీ పడేది ఫిబ్రవరి ఒక్కటే. చామంతి అయిపోయి ఉంటుంది, మల్లె ఇంకా చిగురులోనే ఉంటుంది, మందారం రోజుకి ఒకటో రెండో. ఆ నెలలో దండకి వచ్చేది కనకాంబరం. అందుకే ఈ జూన్‌లో సన్నజాజి పందిరి కింద ఖాళీగా ఉన్న మూడడుగుల్లో ఇంకో నాలుగు ఢిల్లీ కొమ్మలు నాటుతున్నాను, వాటికి కావలసిన నీళ్లు వారానికి ఇంకో 25 లీటర్లు. మందారానికి పోసే మూడో బకెట్టు తగ్గించి, పాదులో ఎండుటాకులు నాలుగంగుళాలు పరిస్తే అందులో సగానికి పైగా సర్దుకుంటుంది.